నెవెనా పేరుపండగ

నెవెనాతో నా పరిచయమే తగువుతో మొదలైంది.

ఆమె పుస్తకాల కొట్టులో ఒక నవల తిరగేస్తూ, నోటి దురద కొద్దీ అన్నాను: "ఇందులోనూ నెవెనాయేనా? మన నవలల్లో ఆ పేరు పెట్టారంటే మూడో అధ్యాయానికల్లా ఏడుపే!"

కౌంటర్ వెనక అమ్మాయి తలెత్తింది. "మన మేయర్ పేరూ నెవెనాయే. ఆవిడ ఏడవడం ఎప్పుడైనా చూశారా? కాంట్రాక్టర్లు ఏడుస్తారు. నా పేరూ అదే. ఇక ఏడవడం మీ వంతు. మళ్లీ ఈ కొట్టు గడప తొక్కకండి!"

ఏడవలేదు గానీ, ఆ కళ్లు చూసి పడిపోయాను.

గడప తొక్కొద్దంది, మరెలా? మా ప్లోవ్‌దివ్ ఊరివాళ్లకి దేవుడు ఒక్క దారి ఉంచాడు. ఎవరి పేరుపండగైతే వాళ్లింటికి ఆ రోజు పిలవకుండానే వెళ్లొచ్చు, వచ్చినవాళ్లని గుమ్మంలోంచి పంపెయ్యకూడదు. ఈస్టర్ ముందరి ఆదివారం పూల పేర్లూ చెట్ల పేర్లూ ఉన్నవాళ్లందరికీ పండగ. నెవెనా అంటే బంతిలాంటి పువ్వు. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. అంత ఓపిక నాకెక్కడిది!

ఏడు తులిప్ పూలు కొనుక్కుని, కొట్టు పైనున్న వాళ్ల ఇంటి తలుపు తట్టాను. బామ్మగారు తీశారు.

"నెవెనాకి..." అని నసిగాను.

"నేనే! నా పేరే మా మనవరాలికీ పెట్టారు." పూలు లాక్కుని మురిసిపోయింది. "చూశావటే, ఈ వయసులో నాకు కుర్రాడు పూలు తెచ్చాడు!"

లోపల్నుంచి నెవెనా వచ్చింది. "ఓహో, మీరా! మరి నాకేం లేవా?"

కంగారులో బామ్మ చేతిలోంచి ఒక పువ్వు లాగి ఆమెకిచ్చాను. మిగిలినవి చూసుకుని బామ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఆరు! సరిసంఖ్య పూలు సమాధికి పెడతార్రా అబ్బాయ్! పండగపూట నన్ను పాతేస్తావా?"

ఇంకోటి లాగాను. బామ్మ గండం గడిచింది. కానీ నా చేతిలో ఒకటి మిగిలింది. అది నెవెనాకిస్తే ఆమెకి రెండవుతాయి.

"ఇప్పుడు దాన్నేం చేస్తారో!" అంటూ ఆమె పడీపడీ నవ్వింది.

ఇంతలో నా ఫోన్ మోగింది. మా అమ్మ గొంతు ఇల్లంతా వినిపించింది.

"ఒరేయ్ యావోర్! ఎక్కడ చచ్చావురా? ఇంటినిండా జనం! పేరుపండగ నీదైతే అందరికీ నేనా మర్యాదలు చెయ్యాలి?"

యావోర్ అన్నది చెట్టు పేరే. ఆమె పేరు జపిస్తూ నా పేరే మరిచిపోయాను.

నెవెనా నవ్వు ఆగింది. "సొంత పండగ వదిలేసి వచ్చారా? ఎందుకు?"

"నువ్వంటే ఇష్టం గనక. నవలల్లో నెవెనాలు ఏడిస్తే ఏడవనీ. నిన్ను మాత్రం ఇలాగే నవ్విస్తాను."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నా చేతిలోని పువ్వు తీసుకుని నా కోటు జేబులోనే పెట్టింది. "నీ పేరు చల్లగా ఉండాలి, యావోర్" అని పేరుపండగ దీవెన మెల్లగా పలికింది.

బామ్మ అప్పటికే కోటు తొడుక్కుంటోంది. "పదవే, వాళ్లమ్మని చూడాలి! ఆ చేపల పళ్లెం పట్టుకురా."

"మరి మనింటికొచ్చేవాళ్లు?"

"వాళ్లనీ అక్కడికే రమ్మను. ఇకనుంచి ఏటా ఈ పండగ ఒక్కింట్లోనేగా!"