తొంభై ఎనిమిదిని దాచిందెవరు?

స్కోరు మాయమైంది.

వందకి తొంభై ఎనిమిది. కళ్ళద్దాల షాపు యజమాని కొన్నాళ్ళుగా షాపుకొచ్చిన ప్రతి మనిషికీ ఆ అంకె వినిపిస్తూనే ఉన్నాడు. కూతురు సాధించిన స్కోరు మరి. తీరా కాలేజీకి వెళ్ళిన అప్లికేషన్‌లో అదే లేదు.

"ఎవరో కావాలనే చేశారమ్మా," అన్నాడు ఇంటి హాల్లోని కంప్యూటర్ వైపు వేలు చూపిస్తూ. "నా బిడ్డ నోటి దగ్గర కూడు లాగేశారు."

ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె పోలీసు ఉద్యోగం వదిలేసి ప్రైవేట్ డిటెక్టివ్‌గా మారి చాలాకాలమైంది. ఆ పిలుపు మాత్రం ఆమెను వదల్లేదు.

విషయం సూటిగానే ఉంది. ఎంట్రన్స్ పరీక్ష ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఏ స్కోరు చూపించాలో, ఏది దాచుకోవాలో అభ్యర్థి ఇష్టం. అమ్మాయి మూడుసార్లు రాసింది. మొదట డెబ్బై ఒకటి. తర్వాత తొంభై ఎనిమిది. చివరిసారి ఎనభై నాలుగు.

తొంభై ఎనిమిది ఒక్కటే పంపాలని ఇంట్లో నిర్ణయం. తండ్రే పక్కన కూర్చుని టిక్ పెట్టించాడు. నిన్న మధ్యాహ్నం ఈ ఇంటి కంప్యూటర్ నుంచే ఎవరో లాగిన్ అయ్యారు. ఆ టిక్ తీసేశారు. మిగతా రెండింటికీ పెట్టారు. సబ్మిట్ నొక్కేశారు.

"సరిదిద్దుకునే వీలుందా?"

"ఈ సాయంత్రం ఆరు దాకా ఉంది మేడమ్." సోఫాలోంచి జవాబిచ్చాడు కోచింగ్ సెంటర్ కౌన్సెలర్. ఇస్త్రీ మడత నలగని చొక్కా. "అందుకే అంటున్నాను, ఈ విచారణలన్నీ ఎందుకు? టిక్ మార్చేస్తే సరిపోతుంది."

"దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిశాక కూడానా?"

కౌన్సెలర్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

"పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకు, అమ్మాయికి, ఈ సార్‌కి." తండ్రి గేటు వైపు చూశాడు. "మా పెద్దోడికి కూడా."

"నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారు?"

"నేను షాపులో. మా ఆవిడ నర్సు, ఆస్పత్రి డ్యూటీలో ఉంది. సార్ సెంటర్లో క్లాసు చెప్తున్నారు. అమ్మాయి తలనొప్పని పడుకుంది. వాడొక్కడే... వాడూ ఒకప్పుడు ఈ కాలేజీకే అప్లికేషన్ పెట్టాడు. సీటు రాలేదు."

పెద్దోడు గేటు దగ్గర బండి తుడుస్తున్నాడు. లిఫ్టు మెకానిక్. గోళ్ళ సందుల్లో గ్రీజు.

"నిన్న ఇంట్లోనే ఉన్నావా?"

"ఉన్నాను."

"కంప్యూటర్ ముట్టుకున్నావా?"

అతను బండి చక్రం మీదికి వంగాడు.

"మీ నాన్న నిన్నే అనుమానిస్తున్నారు."

"తెలుసు. అనుకోనివ్వండి, పోనీ."

ఇన్‌స్పెక్టరమ్మ అతని ముఖంలోకి చూసింది. తప్పు చేసినవాడు ముందు 'నేను కాదు' అంటాడు. వీడు ఆ మాటే అనడం లేదు.

"చెల్లెలంటే కుళ్ళా?"

"కుళ్ళా?" అతను గుడ్డ విసిరికొట్టాడు. "పరీక్షకి దింపింది నేనే. అయ్యేదాకా ఎండలో నిలబడిందీ నేనే."

"ఏ పరీక్షకి?"

అతను నాలుక కరుచుకున్నాడు. "మూడోదానికి," అని గొణిగి, మళ్ళీ బండి తుడవడంలో పడ్డాడు.

వీధి మలుపులో కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కనిపిస్తోంది. ఈ ఇంటి అమ్మాయి ఫోటో, పక్కన 98. కింద మరో నలుగురు. 97, 98, 98, 97. ఇన్‌స్పెక్టరమ్మ కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, తండ్రిని వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది.

"మూడోసారి ఎందుకు రాయించారు?"

"నేనెక్కడ రాయించానమ్మా? సారే రాయమని ఉంటారు. వందకి వంద కొట్టించాలని కాబోలు."

హాల్లో కౌన్సెలర్‌నీ అదే అడిగింది.

"నేనా?" అతను భుజాలెగరేశాడు. "ఆయనే పట్టుబట్టారనుకున్నాను. తల్లిదండ్రుల ఆశకి అంతుండదు కదా మేడమ్."

అంతే. ఆమెకు కావలసింది దొరికింది.

అయిదు గంటలకు అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. అన్న వెళ్ళి ఆమె పక్కన చేరాడు.

"ఇది పగతో చేసిన పని కాదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "పగబట్టినవాడు డెబ్బై ఒకటి ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటాడు. ఎనభై నాలుగు ఎందుకు పంపుతాడు? ఈ పని చేసినవాళ్ళకి మిగతా రెండు స్కోర్లతో ఏ పేచీ లేదు. తొంభై ఎనిమిదితోనే పేచీ."

తండ్రి అయోమయంగా చూశాడు.

"ఇంకోటి. తొంభై ఎనిమిది వచ్చాక మళ్ళీ పరీక్ష ఎవరైనా రాస్తారా? సార్ చెప్పారని మీరనుకున్నారు. మీరు చెప్పారని ఆయన అనుకున్నారు. ఎవరూ చెప్పలేదు. తనంతట తనే వెళ్ళింది." ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "నీ అసలు స్కోరెంతో చూసుకోవాలనిపించింది. అవునా అమ్మా?"

"అది కాదు," అన్నాడు అన్న గబుక్కున. "నేనే తీసేశాను. నాదే తప్పు."

"వద్దన్నయ్యా." అమ్మాయి అతని చెయ్యి పట్టుకుంది. "నేనే నాన్నా. టిక్ తీసింది నేనే."

"ఎందుకే?"

"పరీక్ష ముందురోజు సార్ గెస్ పేపర్ ఇచ్చారు. మామూలుగా ఇచ్చేవే అనుకున్నాను. హాల్లో చూస్తే అదే పేపర్. ప్రశ్నలు అవే. వరస కూడా అదే."

తండ్రి కూతురికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "తెలిసీ రాశావా?"

"రాశాను. లేచి వచ్చేయాల్సింది. కాళ్ళు రాలేదు. తర్వాత చెబుదామంటే... మీరు షాపులో అందరికీ చెప్పుకుంటున్నారు. అన్నయ్యకొక్కడికే చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"కట్టుకథ!" కౌన్సెలర్ లేచాడు. మెడ దగ్గర చొక్కా చెమటకు అంటుకుపోయింది. "ఆధారం ఏదీ?"

"ఆ పరీక్షలో మీ సెంటర్ నుంచి ఇలాంటి స్కోర్లు ఇంకో నలుగురికి వచ్చాయి. ఎవరా అని నేను వెతుక్కోనక్కర్లేకుండా మీరే ఫోటోలు వేసి వీధిలో కట్టారు." ఇన్‌స్పెక్టరమ్మ పక్కకు తప్పుకుని దారిచ్చింది. "వెళ్ళండి. సెంటర్లోనే ఉండండి. మా పాత స్టేషన్‌కి ఫోన్ చేశాను. పోలీసులు అక్కడికే బయల్దేరారు."

అతను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

"రేపు పరీక్షల బోర్డులో స్టేట్‌మెంట్ ఇవ్వాలమ్మా," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "రెండో స్కోరు రద్దు చేస్తారు. మిగతావాటిని ఏం చేస్తారో, కాలేజీ ఏమంటుందో నేను మాటివ్వలేను."

"ఇస్తాను." అమ్మాయి మాట తడబడలేదు.

తండ్రి మౌస్ ముట్టుకోలేదు. ఆరు దాటిపోయింది. కొడుకు వైపు తిరిగాడు.

"నిన్ను అన్ని మాటలన్నానే. ఒక్కదానికైనా ఎదురు చెప్పలేదేంరా."

"ఒట్టేశాను కదా నాన్నా."

అతను తలదించుకున్నాడు. తర్వాత కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ ఎనభై నాలుగు..."

"నాదే నాన్నా. మొత్తం నేనే రాశాను."

"డెబ్బై ఒకటి నుంచి ఎనభై నాలుగు." అతను కూతురి తల మీద చెయ్యి వేశాడు. "ఎంత కష్టపడి ఉంటావే! బాగా రాశావని ఇంట్లో ఒక్కరమైనా అనలేదు."

అంతవరకు నిబ్బరంగా ఉన్న పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టరమ్మ చప్పుడు చేయకుండా బ్యాగు తీసుకుని గుమ్మం వైపు నడిచింది.

"రేపు బోర్డు ఆఫీసుకి నేనూ వస్తాను," తండ్రి అంటున్నాడు.

"బండి మీద ముగ్గురం పట్టం నాన్నా," అన్నాడు కొడుకు.

"అయితే నడిచే వెళ్దాంరా."