ఎదురెదురు స్క్రూలు

"మాస్టారిని తెల్లారకముందే చంపేశారు," అన్నాడు బాస్, కూర్చోమని కూడా అనకుండా.

ఏజెంట్ నలభై ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆయన ల్యాబ్‌లో ఆరేళ్లు శిష్యరికం చేశాడు.

"వాళ్లమ్మాయికి తెలుసా?"

"తెలీదు. మాస్టారిని ఎత్తుకెళ్లిన విదేశీ ముఠాలోకి మనం పంపిన డబుల్ ఏజెంటే తను. నాన్న బందీగా బతికే ఉన్నాడనుకుని, ఆయన కోసం సెల్ వాళ్ల చేతిలో పెడుతోంది. అది వాళ్లకి దక్కకూడదు. తను అడ్డొస్తే కాల్చెయ్."

సెల్ అంటే పిడికిలంత ఉక్కు డబ్బా. లోపల రెండు వజ్రాల కొనల మధ్య, పొరలు పొరలుగా ఉండే సెమీకండక్టర్ స్ఫటికం. నొక్కే కొద్దీ పొరలు దగ్గరై, ఇరవై గిగాపాస్కల్స్ దగ్గర లోహంలా కరెంటు పారిస్తుంది. మన సబ్‌మెరైన్ల సెన్సార్లకి అదే ప్రాణం. ఉన్నది ఆ ఒక్క ముక్కే. అది శత్రువుకి చిక్కిందా, సముద్రంలో మనవాళ్లందరి పనీ అయిపోయినట్టే.

మధ్యాహ్నం హోటల్ గదిలో, ముఠా టెక్నీషియన్ వేషంలో అతను లేజర్ ముందు కూర్చున్నాడు. అసలు టెక్నీషియన్ నోటికి టేపుతో కారు డిక్కీలో ఉన్నాడు. ఆమె నల్ల శాటిన్ గౌనులో వచ్చింది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి, పాపం. పెట్టుడు గడ్డం వెనక ఉన్నదెవరో పోల్చుకోలేదు.

"స్ఫటికం లోహంలా మారి చూపిస్తేనే మీ నాన్నని వదిలేది," అన్నాడు ముఠా నాయకుడు, ఒళ్లో పిస్టల్‌తో.

ఆమె రెండు అలెన్ కీలతో ఎదురెదురు స్క్రూలని కలిపి తిప్పుతోంది. ఒక్కదాన్నే బిగిస్తే వజ్రాలు ఒరిగి పగులుతాయి. సెల్‌లోని కెంపు నలుసు వెలుగుని బట్టి అతను ప్రెషర్ చదువుతున్నాడు.

"పన్నెండు."

"పదిహేను."

"పద్దెనిమిది."

మీటర్‌లో రెసిస్టెన్స్ జారిపోతోంది. ఇంకొక్క తిప్పు చాలు. ఆమెని కాల్చాలంటే ఇదే అదను. చెయ్యి రాలేదు. ఈ పిల్లకి లెక్కలు నేర్పింది తనే.

"చిట్టీ," అన్నాడు సొంత గొంతుతో. "నాన్నగారు తెల్లారకముందే పోయారమ్మా. వీళ్లే చంపేశారు."

"అన్నయ్యా... నువ్వా?"

ఆమె ఒక కీ వదిలేసింది. రెండోదాన్ని పళ్లు బిగించి తిప్పింది.

టప్.

నాయకుడు పిస్టల్ ఎత్తేలోపే ఏజెంట్ అతని చేతి మీద కాల్చాడు. తలుపు బద్దలుకొట్టుకుని మనవాళ్లు వచ్చిపడ్డారు. మాస్టారి ఇరవై ఏళ్ల కష్టం చిటికెడు పొడిగా మిగిలింది.

ఆమె నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. "ప్రెషర్ నంబర్ రాశావా అన్నయ్యా? వజ్రం పగిలితే నాన్న ముందు నంబర్ రాయించేవారు. ఆ తర్వాతే తిట్టేవారు."

అతను రాశాడు. మిషన్ రిపోర్టు నిండా పైవాళ్లకి నచ్చే అబద్ధాలే. పద్దెనిమిది ఒక్కటే నిజం.