పందొమ్మిది అడుగులు

"మేస్త్రీగారూ, మీరు సెప్టిక్ ట్యాంకు వెతకడానికి వచ్చారా, మా పెరట్లో చెట్లు నాటడానికి వచ్చారా?"

మూడో గుంతలో నిలబడ్డ మేస్త్రీ తలెత్తాడు. గట్టు మీద టైలరమ్మాయి. మెడలో టేపు, చేతుల్లో రెండు టీ గ్లాసులు. రెండోది తనకేనని మూడు రోజులుగా అలవాటు.

"కొలిచింది మీరేనండీ. నేను తవ్వానంతే."

"నా టేపులో తప్పుండదు. దీంతో కొలిచి కుట్టిన బట్ట ఒక్కటీ వెనక్కి రాలేదు."

"అయితే ట్యాంకే జరిగిపోయి ఉంటుంది."

నవ్వు ఆపుకోవడానికి ఆమె టీ తాగింది.

ఇల్లు కట్టించింది ఆమె తాతయ్య, నలభై ఏళ్ళ కిందట. ఆయన ఇప్పుడు లేడు. బాత్రూమ్ పైపు సిమెంటు గచ్చు కిందకి దూరి ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. నీళ్ళు వెనక్కి తన్నడం మొదలయ్యాక ట్యాంకు ఖాళీ చేసే లారీని పిలిచారు. మూత చూపిస్తేనే పని, అనేసి డ్రైవరు వెళ్ళిపోయాడు. ఇనుప చువ్వ దించి చూద్దామంటే పెరటి నిండా పాత ఇటుకముక్కలే. ఉన్న ఆధారం ఒక్కటి. వంటింటి అలమర తలుపు లోపల తాతయ్య పెన్సిల్‌తో రాసిపెట్టాడు: 'ట్యాంకు మూత. గుమ్మం నుంచి నేరుగా పందొమ్మిది అడుగులు. అక్కణ్ణుంచి ఎడమకి ఆరు.'

కొలిచి తవ్వితే మట్టి. దాని పక్కన తవ్వితే మట్టి. ఎడమ కాదేమోనని కుడికి తవ్వితే అదీ మట్టే.

"మీకు సాయంత్రం దాకే టైమ్," అంది ఆమె. "రేపు మావయ్య తవ్వే మిషన్ పంపిస్తున్నాడు."

మిషన్ వస్తే పెరడంతా లేచిపోతుంది. అది ఆమె దిగులు. అతని దిగులు వేరే. రేపట్నించి తనకి ఈ గేటు తీసే పని ఉండదు. ఆమెతో ఒక మాట చెప్పాలని రోజూ అనుకుని వస్తాడు. ఆమె టీతో ఎదురుపడగానే మట్టి గురించి చెప్తాడు.

చినుకులు మొదలయ్యాయి. పక్కింటి నుంచి ఆమె అమ్మమ్మ గొడుగేసుకుని వస్తోంది. ఈ మూడు రోజులూ బాత్రూమ్‌కి ఆవిడ అక్కడికే వెళ్తోంది, మోకాళ్ళ నొప్పులతో. అది చూసి మేస్త్రీకి సిగ్గేసింది. గుంతలోంచి పైకొచ్చాడు.

"అమ్మమ్మగారూ, తాతగారి దగ్గర టేపు ఉండేదా?"

"ఆయనకి టేపిస్తే నడుముకి కట్టుకునేవాడు."

"మరి ఈ అడుగులు?"

"నావి."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"నేను నడిచాను, ఆయన లెక్కపెట్టాడు. తను లేనప్పుడు నాకు దొరకాలి కదా అని నాతోనే నడిపించాడు."

టైలరమ్మాయి మెడలోంచి టేపు తీసి గుప్పిట్లో దాచుకుంది.

"ఇప్పుడు నేనంత నడవలేను," అంది అమ్మమ్మ. "దీన్ని నడిపించు. నా పొడుగు, నా నడక, నా నోరు అన్నీ దీనికే వచ్చాయి."

ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. "లెక్కపెట్టండి మరి."

"ఒకటి... రెండు..."

"వినబడట్లేదు."

అతను పక్కకొచ్చి నడిచాడు. మొదటి గుంత దాకా వచ్చేసరికి ఇంకా తొమ్మిదే. పదమూడు దగ్గర తడి మట్టికి ఆమె కాలు జారింది. చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత అంకె మర్చిపోయాడు.

"పద్నాలుగు," అంది ఆమె. చెయ్యి విడిపించుకోలేదు.

పందొమ్మిది. ఎడమకి ఆరు. బట్టలారేసే తీగ కింద ఆగారు. చువ్వ దించితే జానెడు లోతులో ఠంగుమంది. మూరెడు అవతల దించితే అక్కడా ఠంగుమంది. పారతో మట్టి లాగాడు. సిమెంటు పలక, దానికి తుప్పు పట్టిన కడియం.

"ఇదే మూత," అన్నాడు. దొరికిన సంతోషం గొంతులో లేదు.

"అమ్మమ్మా!" ఆమె వెనక్కి తిరిగింది. "అడుగులు నీవని మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"మొదటి రోజే చెబితే మొదటి రోజే వెళ్ళిపోయేవాడు కదే. మూడు రోజులిచ్చినా మట్టి గురించి తప్ప మాట్లాడడు. ఇంక నా మోకాళ్ళ వల్ల కాదు."

గొడుగు ముడిచి ఆవిడ లోపలికెళ్ళింది. తలుపు మాత్రం తీసే ఉంచింది.

మేస్త్రీ చువ్వని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మిమ్మల్ని... ఒకటి అడగాలండీ."

"అడుగు."

మూడు రోజుల్లో ఆమె అతన్ని 'మీరు' అనకపోవడం ఇదే మొదటిసారి.

"రేపట్నించి ఇక్కడ నాకు పని లేదు. పని లేకపోయినా రావచ్చా? మీ కోసం."

ఆమె పెరటి వైపు చెయ్యి చూపించింది. "ఆ మూడు గుంతలూ ఎవరు పూడుస్తారు?"

"ఒక్క పూటలో పూడ్చేస్తానండీ."

లోపల్నుంచి కేక వినబడింది. "ఒక్క పూటలో అంటాడేంటే వీడు!"

నవ్వు ఆపుకోవడానికి ఈసారి చేతిలో టీ గ్లాసు లేదు. ఆమె నవ్వేసింది.

"రోజుకొకటి పూడ్చు," అంది. "ఆ తర్వాత గుంతలు లేకపోయినా రా."