దభీమని పడిన తెర

“వియన్నాలో ఒకటి పోయింది, సెవిల్‌లో ఒకటి. రెండూ బరోక్ చిత్రాలే. రోమ్‌లో పుట్టి యూరప్ అంతా పాకిన కళ కదా, ఈ ముఠా కూడా అదే దారిన పాకుతోంది. కోడ్‌నేమ్ కన్నీరు. వాళ్ళ తరవాతి టార్గెట్ మీ ఊరి ఏడుపు మరియమ్మ,” అన్నాడు చీఫ్. “ఇంకో మాట. మనవాళ్ళలో ఎవరో అమ్ముడుపోయారు.”

ఏజెంట్ గాస్పరేకి ఒళ్ళు మండింది. తాతముత్తాతల కాలంలో భూకంపం సిసిలీలోని ఆ కొండ ఊరిని నేలమట్టం చేశాక, జనం తిండి మానుకుని మరీ గీయించుకున్న చిత్రం అది.

ఈస్టర్ ముందు శనివారం ఉదయానికి అతను సన్యాసి వేషంలో ఊరి గుడిలో ఉన్నాడు. ఉపవాసాల రోజులన్నీ చిత్రాన్ని కప్పి ఉంచే పెద్ద తెరను, పండగ పూజలో గ్లోరియా కీర్తన పాడగానే కిందికి వదులుతారు. పక్కనే నల్ల లేసు ముసుగులో ఒలింపియా. చిత్రాలు బాగుచేయడానికి డిపార్ట్‌మెంట్ పంపిన అందగత్తె.

“నిన్ననే చెక్ చేశా. చిత్రం భద్రం,” అంది ఆమె.

గంటలు మోగాయి. తెర దభీమని పడింది. మరియమ్మ కన్నీళ్ళు కనిపించగానే ఊరంతా బావురుమంది.

గాస్పరే మాత్రం కిందికి చూశాడు. ఆ తెర ఏటా గాలికి ఊగుతూ, తేలుతూ దిగేది. ఇప్పుడింత బరువెక్కడిది? వెనకవైపు ఏదో కుట్టారు! నలుగురు కొత్త కూలీలు అప్పుడే దాన్ని చుట్టి గుమ్మం వైపు మోసుకుపోతున్నారు. బయట లారీ ఇంజన్ ఆన్‌లో ఉంది. గుమ్మం దాటితే మరియమ్మ మళ్ళీ దొరకదు.

డొక్కలో పిస్టల్ గుచ్చుకుంది.

“నోరు మూసుకుని ప్రార్థన చేసుకో ఫాదర్,” అంది ఒలింపియా.

గాస్పరే గొంతు చించుకుని అరిచాడు. “అగాతత్తా! పైనున్నది దొంగబొమ్మ! అసలు మరియమ్మ ఆ చుట్టలో ఉంది!”

మేనత్త అగాతా కళ్ళు కూడా తుడుచుకోలేదు. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె పక్కన చతికిలబడ్డారు.

“దమ్ముంటే తొక్కుకుంటూ పొండిరా! భూకంపమే మమ్మల్ని ఇక్కణ్ణించి కదిలించలేకపోయింది, మీరెంత?”

ఒలింపియా పిస్టల్ అత్త వైపు తిరిగింది. గాస్పరే ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. గుండు గురి తప్పి పైనున్న గచ్చు దేవదూత బుగ్గలో దిగింది. గాస్పరే పిస్టల్ లాక్కునేసరికి కూలీలు చుట్టను వదిలేసి చేతులెత్తారు. కుట్లు విప్పితే అసలు మరియమ్మ చెక్కుచెదరకుండా బయటపడింది.

గాస్పరే ఫోన్ చేస్తే చీఫ్ అడిగాడు. “మరి ఆ నకిలీని తగలబెట్టేద్దామా?”

అత్త రిసీవర్ లాక్కుంది.

“వద్దు నాయనా, కింది వీధి గుడివాళ్ళకి ఇచ్చెయ్. తాతల నాటి నుంచి మా మరియమ్మని చూసి కుళ్ళి చస్తున్నారు. వాళ్ళ మొహాలకి అదే ఎక్కువ.”