ఆపరేషన్ ఇనుపగోరు

మంచును పట్టుకునే ఇనుపమేకులు లేని టైరు మీద సీసాలోని ద్రావకం చిమ్మితే, గాజులా మెరిసే మంచు మీద కూడా బండి జారకుండా నిలబడుతుందని ఆ ఏడాది ఫిన్లాండ్‌లో చాలామంది నమ్మారు. నమ్మినవాళ్ళలో బడిపంతుళ్ళున్నారు, పాలబండి డ్రైవర్లున్నారు, ఇద్దరు పార్లమెంటు సభ్యులున్నారు. ప్రతిగూఢచార శాఖ ఉత్తర మండలాధిపతి కల్నల్ ఉర్పో హన్హివార కూడా ఉన్నాడు. ఏజెంట్ పదిహేడుకు, అంటే ఆర్మస్ కెత్తునెన్‌కు, ఒళ్ళు మండించింది ఈ చివరి పేరే.

1984 మార్చి, ఉదయం తొమ్మిది గంటలు. హల్లసారి దీవిలో బ్రీఫింగ్ ఆవిరిగదిలో జరిగింది. ఆ వేడిలో ఏ మైక్రోఫోనూ బతకదు కాబట్టి ముఖ్యమైన మాటలన్నీ ఆ శాఖలో బట్టలు లేకుండానే నడిచేవి. కల్నల్ పై బల్ల మీద కూర్చుని బొజ్జ తట్టుకుంటున్నాడు. ఆయన చెమట చుక్కచుక్కగా కింది బల్ల మీద కూర్చున్న కెత్తునెన్ భుజం మీద పడుతోంది.

"ఇంజినీర్ వెరా సంగతి తెలుసుగా," అన్నాడు కల్నల్. "పొరుగుదేశం నుంచి పారిపోయొచ్చిన ఆమె తలలో వాళ్ళ రాడార్ల గుట్టంతా ఉంది. ఆ తల తీయడానికే వాళ్ళ ముఠా ఇక్కడికి దిగింది. మధ్యాహ్నం పన్నెండుకు ఆమెను గడ్డకట్టిన సముద్రం మీది మంచుదారిన అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఒంటిగంటకు విమానం. వ్యాను నేనే నడుపుతాను."

"ఆ కవచం వ్యానుకు మేకుల టైర్లు లేవు, కల్నల్ గారూ."

"తూటాలు తగిలినా గాలిపోని టైర్లవి. వాటికి మేకులు దిగవు. అందుకే ఇనుపగోరు ద్రావకం తెప్పించాను. దాన్ని అమ్మే సీగ్రిడ్ స్వయంగా చిమ్మి చూపించింది. సున్నాకు ఇరవై ఆరు డిగ్రీలు కింద, ఎముకలు కొరికే చలిలో, గడ్డకట్టిన సరస్సు మీద. ముప్ఫై కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే ఇరవై మీటర్లలో ఆగిపోయింది!"

"చిమ్మకుండా ఎంతలో ఆగింది?"

"చిమ్మకుండా ఎందుకు నడుపుతామయ్యా?"

కెత్తునెన్ బకెట్‌లోని చన్నీళ్ళు మొహాన కొట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఈ మనిషికి సెల్యూట్ కొట్టిన చెయ్యి తనదేనా అనిపించింది.

"అంత చలిలో మంచు పొడిగా ఉంటుంది. నా రబ్బరు బూట్లయినా పట్టుకుంటాయి," అన్నాడు. "ఇవాళ సున్నాకు పైన ఒక డిగ్రీ. మంచు మీద నీటిపొర తేలింది. మీరు తేలిక ప్రశ్నపత్రం రాసి నూటికి నూరు తెచ్చుకున్నారు."

"ఎంత చలిలో పరీక్షిస్తే అంత గట్టి పరీక్ష. చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు."

"రాజధానిలో పిల్లాడైతే చెబుతాడు."

కల్నల్ ఆవిరిస్నానంలో ఒళ్ళు చరుచుకునే ఆకులకట్టతో వీపు బాదుకున్నాడు. "సీగ్రిడ్‌ను అనుమానిస్తున్నావా? వాళ్ళ ముఠాలో మన మనిషి ఆమె. పోయినేడు ముగ్గురు గూఢచారుల పేర్లు ఇచ్చింది."

"ముగ్గురూ అప్పటికే రిటైరై, తోటపని చేసుకుంటున్నారు."

"చాలించు. దారి పొద్దున్నుంచి మూయించాను. వ్యాను కదిలాక రేడియోలో సంకేతం లేకుండా ఎవడు మాట్లాడినా పలకను. నువ్వు ఒడ్డున ఉండి కాపలా కాయి."

*

పదకొండున్నరకు సీగ్రిడ్ లింద్‌క్రోనా వ్యాను టైర్లకు ఇనుపగోరు చిమ్ముతోంది. తెల్ల నక్కతోలు టోపీ, ఎర్రటి చేతితొడుగులు, తెలుపు నలుపు సినిమాలోంచి నడిచొచ్చినట్టున్న నడక. సీసాలోంచి వచ్చేది మాత్రం చీమిడి రంగు జిగురు. అది కుళ్ళిన చేపా, పైనుచెట్టు బంకా కలిపి ఉడికించిన కంపు కొడుతోంది. కెత్తునెన్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"వాసన భరించలేకపోతున్నారా, పెద్దాయనా?" అంది సీగ్రిడ్.

"వాసనదేముందమ్మా. ఒక్క పరీక్షకు ఒప్పుకోండి. ఒకసారి ఇది చిమ్మి, ఒకసారి నీళ్ళు చిమ్మి, నాలుగేసిసార్లు ఆపి చూద్దాం. ఏది ఎప్పుడు చిమ్మామో నడిపేవాడికి చెప్పకుండా."

"టైము లేదు!" అన్నాడు కల్నల్. ఆయనే తగ్గి, "సరే, ఒక్కొక్కసారి," అన్నాడు.

ముందు వెనక చక్రాలు కడిగి నీళ్ళతో ఒకసారి, మళ్ళీ ద్రావకం చిమ్మి ఒకసారి. దూరం కొలిచింది త్యూనె ముసలమ్మ. నలభై శీతాకాలాలుగా ఆ మంచుదారికి గుర్తుగా కొమ్మలు పాతేదీ, మందం కొలిచేదీ, హెచ్చరిక బోర్డులు పెట్టేదీ ఆమే.

"నీళ్ళకి ముప్ఫై అయిదు," అని అరిచింది. "ఈ చేపపులుసుకి ముప్ఫై మూడు."

"చూశావా!" కల్నల్ మొహం వెలిగిపోయింది. "రెండు మీటర్లు తగ్గింది!"

"ఒక్కసారి ఆపితే తేలదండీ. జిగురు మొదటిసారే అరిగిపోతుంది. ఇంకో మూడుసార్లు..."

"రెండు మీటర్లంటే రెండు మీటర్లే. వెరా గారూ, ఎక్కండి."

ఇంజినీర్ వెరా సన్నటి మనిషి. చిన్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. తలుపు వేసేముందు కెత్తునెన్ వైపు చూసి, "మీరైతే ఎక్కుతారా?" అని అడిగింది.

కెత్తునెన్ జవాబు చెప్పేలోపే తలుపు పడింది. వ్యాను మంచు మీదికి దిగిపోయింది. త్యూనె తలకొట్టుకుంది.

"ఏం నాయనా, ఆ కల్నలు కళ్ళు నెత్తిన పెట్టుకున్నాడా? నా పాత పికప్‌కి మేకులున్నాయి. అడిగితే నేను దిగబెట్టనా?"

"అడగడం ఆయనకు చిన్నతనం, త్యూనెమ్మా."

సీగ్రిడ్ తన కారుకు ఆనుకుని పౌడరు డబ్బా తెరిచింది. ఎండ తగిలి అద్దం సముద్రం వైపు తళుక్కుమంది. మరోసారి తళుక్కుమంది. ముక్కుకు పౌడరు మాత్రం అంటలేదు.

కెత్తునెన్ ఆ కారు చుట్టూ ఒక్క చుట్టు తిరిగాడు. నాలుగు చక్రాలకూ కొత్త మేకుల టైర్లు. ఒక్కొక్క మేకూ సూదిమొనలా మెరుస్తోంది.

"అమ్మేది ఇనుపగోరు. తొడిగేది మేకులా?" అన్నాడు.

"అలవాటు," అని నవ్వింది సీగ్రిడ్.

"అదేంటి!" దుర్భిణి కళ్ళకు పెట్టుకున్న త్యూనె కేకపెట్టింది. "నా బోర్డు నేను పెట్టిన చోట లేదు! మంచులో చీలికకి రెండొందల మీటర్లు ఇవతల పెట్టాను. ఎవడో పీకి చీలిక పక్కనే పాతాడు, అరవై మీటర్లుంటుందేమో. చీలిక మీద చెక్కల వంతెన... వంతెనేదీ? నల్లటి నీళ్ళే కనపడుతున్నాయి నాయనా!"

"పొద్దున అటు ఎవరు వెళ్ళారు?"

"జాలర్లు ఇద్దరు. వల తీస్తున్నారనుకున్నా. బుట్టలో ఒక్క చేపా లేకపోతే ఇవాళ పడలేదనుకున్నా, వెధవలు!"

కెత్తునెన్‌కు లెక్క తేలిపోయింది. యాభై కిలోమీటర్ల వేగంలో బోర్డు చూసి బ్రేకు వేస్తే మేకుల బండి యాభై మీటర్లలో ఆగుతుంది. ఈ వ్యానుకు తొంభై పైన కావాలి. ఉన్నవి అరవై.

"మీ ముఠా పథకమంతా ఇది పనిచెయ్యదన్న నమ్మకం మీదే కట్టారన్నమాట," అన్నాడు.

సీగ్రిడ్ డబ్బా చప్పున మూసింది. "నమ్మకం కాదు, పెద్దాయనా. మేం పరీక్షించాం. నీళ్ళతో, మందుతో, రెండువందలసార్లు. నడిపేవాడికి చెప్పకుండానే." ఆమె కారెక్కి తాళం తిప్పింది. వెనక దారికి అడ్డంగా నిలిపిన త్యూనె ట్రాక్టరును చూసి, "ఈ ట్రాక్టరు తీయండి!" అని అరిచింది.

"ఎందుకు తీయాలి అమ్మాయ్?" త్యూనె ట్రాక్టరు తాళంచెవి జేబులో వేసుకుంది. "కాఫీ పెడతా, కూర్చో."

కెత్తునెన్ రేడియో అందుకున్నాడు. "కల్నల్, వినిపిస్తోందా? ఆపండి!"

గరగర. పలుకు లేదు.

సంకేతం చెప్పాలి. ఆ సంకేతం కల్నల్ సొంత కవిత్వం, వేసవిలో తప్ప పండని హిల్లపండ్ల మీద. కెత్తునెన్ పళ్ళు నూరుతూ, "మార్చిలో హిల్లపండ్లు పండాయి, మా పిన్ని జామ్ చేసింది," అన్నాడు.

"జామ్‌లో పంచదార ఎంత?" కల్నల్ గొంతు తీరిగ్గా పలికింది.

"రెండు గరిటెలు! వంతెన కోసేశారు! బ్రేకు వెయ్యొద్దు, కుడివైపు మంచుగట్టులోకి తిప్పండి!"

"కంగారెందుకయ్యా? బోర్డు కనపడుతూనే ఉంది. ఇదిగో, ఇనుపగోరు ఎలా పట్టుకుంటుందో..."

"బ్రేకేశాడు," అంది త్యూనె, దుర్భిణి దించకుండా. "చక్రాలు బిగుసుకున్నాయి. జారుతోంది. బోర్డు దాటేసింది."

రేడియోలో వెరా కేక. కల్నల్ గొంతు పిల్లి పీక నొక్కినట్టు వినపడింది. "ఆగడం లేదు! తిరగడం లేదు!"

"బ్రేకు వదలండి! వదిలితేనే తిరుగుతుంది! వదిలి తిప్పండి!"

"నలభై," అంది త్యూనె. "ముప్ఫై. వదల్రా సన్నాసీ! ఇరవై... తిప్పాడు!"

వ్యాను ముక్కు కుడివైపు మళ్ళింది. నడుమెత్తు మంచుగట్టులోకి పందిలా దూరి, తెల్లటి పొడి లేపి, నిలిచిపోయింది. కాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. వెరా పెట్టె గుండెకు హత్తుకుని దిగింది. ముందు తలుపులోంచి కల్నల్ దిగి, నాలుగు కాళ్ళ మీద పాకుతూ వాంతి చేసుకున్నాడు.

త్యూనె పికప్ చీలికను చుట్టిపోయే రెండో దారిన వెరాను పన్నెండు నలభైకి విమానం దగ్గర దించింది. జాలర్ల వేషంలోని ఇద్దరినీ తీరరక్షక దళం మంచు మీదే పట్టుకుంది. సీగ్రిడ్ రెండు కప్పుల కాఫీ తాగి, బేడీలకు చేతులు చాచింది.

మూడు గంటలకు, ట్రాక్టరుతో వ్యానును గట్టులోంచి లాగించాక, కెత్తునెన్ మిగిలిన పరీక్ష పూర్తిచేశాడు. ద్రావకం ఒక్కసారే చిమ్మి నాలుగుసార్లు ఆపించాడు. ఏది ఏదో వ్యాను నడిపిన తీరరక్షకుడికి చెప్పలేదు. నివేదిక చివరి పేజీలో ఇలా రాశాడు:

"మంచు తడిగా ఉంది. ఉష్ణోగ్రత సున్నాకు పైన ఒక డిగ్రీ. వేగం ముప్ఫై కిలోమీటర్లు. ఆగిన దూరం మీటర్లలో. నీళ్ళు చిమ్మిన టైర్లు: 35, 36, 35, 36. ఇనుపగోరు చిమ్మిన టైర్లు: 33, 35, 36, 35. మేకుల టైర్లున్న పికప్: 18, 17, 18, 18."