పెళ్లికూతురి అభ్యంతరం

ఎక్కడైనా పెళ్లికూతురే తన పెళ్లికి అడ్డు చెబుతుందా? చెబుతుంది. ఒళ్లు మండితే ఎందుకు చెప్పదు?

పెళ్లి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి. ముసునూరు చర్చిలో అది మొదటి ఆదివారం. మామిడి రైతు విక్టర్‌కూ, కాలేజీ లెక్చరర్ వినీలకూ వివాహం నిశ్చయమైందని పాస్టరుగారు చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు.

ఆడవాళ్ల వైపు నుంచి వినీల లేచి నిలబడింది.

"నాకుందండీ."

"నీ పెళ్లికి నువ్వే అభ్యంతరం చెప్పడం ఏంటమ్మా?"

"పెళ్లికి కాదండీ, నన్ను లెక్చరర్ అనడానికి. సొరచేపల మీద పీహెచ్‌డీ చేశాను. చచ్చిన సొరల పొట్టలు కోసీ కోసీ విసుగొచ్చి, ఇప్పుడు మాల్దీవుల్లో డైవింగ్ గైడ్‌గా చేస్తున్నాను. జనాన్ని సముద్రంలోకి తీసుకెళ్లి బతికున్న సొరల్ని చూపిస్తాను. ఇందులో దాచాల్సిందేముందో, అలా రాసిచ్చిన మనిషినే చెప్పమనండి."

ఆ మనిషి మగవాళ్ల వైపు తల దించుకుని కూర్చున్నాడు. కిందటి వేసవిలో ఆమె సెలవులకొచ్చి అతని మామిడితోట చూడబోతే, చిన్న రసాలు చేతిలో పెట్టి, "సొర ఎదురుగా వస్తే ఎలా ఉంటుందండీ?" అని పొద్దుగూకేదాకా అడిగాడు విక్టర్. మాల్దీవులకొచ్చే వాళ్లంతా "కరవదా?" అంటుంటే ఇతనొక్కడే అలా అడిగాడనే కదా మనసిచ్చింది! అదే మనిషి లెక్చరర్ అని రాసిస్తాడా? వినీలకు కోపంతోపాటు ఏడుపూ వచ్చింది. ఏడిస్తే కోపం పలచనవుతుందని బిగపట్టుకుంది.

"విక్టర్, లేచి చెప్పు. సిగ్గుపడింది నా పని చూసా, నన్ను చూసా?"

అతను లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"రెండిటికీ కాదు. తెలిస్తే అమ్మ వద్దంటుందని భయం. అమ్మ వద్దంటే నువ్వు దక్కవని ఇంకా భయం. తప్పు నాదే. అయ్యగారూ, ఈవిడ సొరచేపల గైడండీ."

"పెళ్లయ్యాక మానేయమంటావా?"

"మానేస్తానంటే నేనే ఊరుకోను. తోటలో పని లేనప్పుడు నేనూ వస్తాను, నాకూ చూపించు."

ఇంతలో అతని తల్లి రిబ్కమ్మ లేచింది. ఆవిడ కోపం ముందు వినీల కోపం ఏపాటిది?

"నన్నడిగావంట్రా? అడక్కుండానే వద్దంటానని ఎలా తేల్చావు? తోటలో రక్తపింజర్లు తిరుగుతాయని తెలిసే మీ నాన్నని చేసుకున్నాను. నాకా నువ్వు భయం గురించి చెప్పేది? అయ్యగారూ, సరిగ్గా దిద్ది మళ్లీ చదవండి."

పాస్టరుగారు దిద్దుకుని, డాక్టర్ వినీల, సొరచేపల డైవింగ్ గైడ్ అని గట్టిగా చదివారు. అభ్యంతరం ఉందా అని అడిగేసరికి చర్చి మొత్తం ఆమె వైపే తిరిగింది.

వినీల విక్టర్‌ని చూసింది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, కానీ నవ్వు ఆగలేదు.

"ఈ ఆదివారానికి లేదండీ," అని కూర్చుంది.