తల్లి వరి

ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి భావన వాళ్ళు అద్దెకున్న ఇంట్లో వంటిల్లు ఒక్కటే, కాపురాలు రెండు. ముందు భాగంలో ఇంటి ఓనరు ఉండేది, వెనక గదుల్లో మేము. అక్కడి ఇళ్ళ ధరలు అలాంటివి మరి. 2011లో ఆర్నెల్లు ఉందామని వెళ్ళాను. అమ్మాయీ, అల్లుడు జగదీష్ పొద్దున్నే చెరో కారేసుకుని ఆఫీసులకి పోతే చీకటి పడ్డాక గాని వచ్చేవారు కాదు. మనవరాలు నిధికి ఆరేళ్ళు. దాన్ని పక్క వీధి స్కూలు నుంచి నడిపించి తెచ్చుకోవడం, అన్నం పెట్టడం, జడలెయ్యడం నా డ్యూటీ.

ఓనరు ఇండోనేషియా ఆవిడ. జావా దీవిలో పడమటి కొండల మధ్య పసిర్‌లెవిత్ అనే పల్లె ఆవిడది. అదెక్కడుందో కంప్యూటర్లో వెతికితే జగదీష్‌కి కూడా దొరకలేదు. అందరూ ఆవిణ్ణి ఆంబూ అనేవారు, వాళ్ళ భాషలో అమ్మ అని. తలకి గుడ్డ కట్టుకుని వేళ తప్పకుండా నమాజు చేసుకునేది. నాకు అవనిగడ్డ దగ్గర మాగాణి, ఆవిడకి కొండ మీద మెట్లు మెట్లుగా వరి మళ్ళు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆవిడది ఇంకా అధ్వానం. అయినా వరి సంగతి చెప్పుకోవడానికి ఇంగ్లీషెందుకు? వంటింట్లో నిలబడి చేతులతోనే నాట్లేసేవాళ్ళం, చేతులతోనే కుప్ప నూర్చేవాళ్ళం.

వాళ్ళ ఊళ్ళో కోతకి కొడవలి పట్టరట. అరచేతిలో ఇమిడే చిన్న కత్తిని వేళ్ళ మధ్య దాచుకుని ఒక్కో కంకినే తుంచుతారట. కొడవలి కనపడితే వరి జడుసుకుంటుందట. "మా ఊళ్ళో చేలో కోత మిషనే దిగుతుంది. మీ వరి అక్కడుంటే గుండె ఆగి చస్తుంది" అన్నాను. ఆంబూ నవ్వలేదు. వరి ఆడమనిషి అంది, పేరు దేవి శ్రీ అంది. "మా లక్ష్మీదేవే. మీ ఊరొచ్చి పేరు తిరగేసుకుంది" అన్నాను. దానికి మాత్రం నవ్వింది.

ఇంకో మాట కూడా చెప్పేది. పొద్దువాలే వేళ పిల్లల్ని బయట వదలకూడదు, సండెకాలా తిరుగుతుంది అని. మన సంధ్యాకాలమే. మనకది దీపం పెట్టే వేళ. వాళ్ళకి మాత్రం వేళ కాదు, నడిచి వచ్చే ఒక మనిషి.

వంటింటి పక్కన కిటికీ లేని చిన్న సామాన్ల గది ఉండేది. ఆంబూ బియ్యం అక్కడే పెట్టుకునేది. లోపలికి వెళ్ళేటప్పుడు నోరు మూసుకునేది, బియ్యం కొలుచుకుని బయటికి వచ్చాకే మళ్ళీ మాట. ఎవరి చాదస్తం వాళ్ళకి ముద్దు అనుకుని ఊరుకున్నాను. డిసెంబరులో అన్న కూతురి పెళ్ళని లాస్ ఏంజెలిస్ వెళ్తూ, బియ్యం కావాలంటే తీసుకో అని చెప్పి వెళ్ళింది. ఆ గదిలో ఇంకేముందో చెప్పలేదు.

ఆవిడ వెళ్ళాక ఒక మధ్యాహ్నం మా బియ్యం అయిపోయాయి. ఆంబూ గదిలో బియ్యం తీసుకుంటుంటే పై అరలో తెల్లగుడ్డ చుట్టిన మూట కనిపించింది. చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి ఉంది. విప్పి చూస్తే వరి కంకుల కట్ట. నడుముకి పాత పట్టుగుడ్డ, చీర కట్టినట్టు. ఏ పెట్టెలో దాచి సముద్రాలు దాటించిందో. కంకులు ఎండి బంగారం రంగు తిరిగి ఉన్నాయి. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. మా వైపు కొత్త పంట చేతికొస్తే మొదటి కంకులు కుచ్చుగా అల్లి చూరుకి కడతాం, పిచ్చుకలు తింటాయని. కుచ్చు లేని ఇంటిని పిసినారి ఇల్లంటాం. ఇంత మంచి కంకుల్ని గుడ్డలో కట్టి చీకట్లో పడేస్తారా?

"ఎందుకే తల్లీ ఈ మగ్గిపోవడం? పద, గాలి తగులుతుంది" అన్నాను పైకే.

నా మాట ఆ గదిలో మోగలేదు. గోడలే మింగేశాయి.

పట్టుగుడ్డ తీసి పక్కన పెట్టి, కంకుల్ని కుచ్చుగా అల్లి వెనక పెరటి చూరుకి కట్టాను. ఆంబూ వచ్చి చూస్తే మురిసిపోతుందనుకున్నాను. స్కూల్నుంచి తీసుకొచ్చాక నిధి చూసి చప్పట్లు కొట్టింది. "అమ్మమ్మా, బర్డ్స్ ఎప్పుడు వస్తాయి?" అని అక్కడే కూర్చుంది.

పిట్టలు రాలేదు. కంచె మీద బోలెడు పిచ్చుకలు వాలాయి గాని, అన్నీ అటు తిరిగి కూర్చున్నాయి. ఒక్కటీ కుచ్చు వైపు మొహం పెట్టలేదు.

"అమ్మమ్మా, బర్డ్స్ కి భయం వేస్తోంది" అంది నిధి.

"అమెరికా పిట్టలే. ధాన్యమంటే ఏం తెలుసు వాటికి, ప్యాకెట్లో పోస్తే తింటాయి" అన్నాను.

పొద్దు వాలుతుండగా కూర పోపులో వేస్తున్నాను. వాసన తేడాగా వచ్చింది. పోపు వాసన కాదు. నీళ్ళు పెట్టి దమ్ము చేసిన పొలం వాసన. బురదా, కుళ్ళిన మొదళ్ళూ, నత్తలూ కలిసిన వాసన. పుట్టి పెరిగిన వాసన నాకు, పొరబడను. ఫ్రీమాంట్‌లో, సిమెంటు పెరట్లో, ఆ వాసన ఎక్కణ్ణించి వస్తుంది?

స్టవ్ కట్టేసి బయటికి వెళ్ళాను. చూరుకి ఉత్త తాడు ఊగుతోంది. కుచ్చు లేదు. కింద ఊక... తలుపు దాకా సన్నటి గీతలా... లోపలికి.

నిధి కూర్చున్న చోట చెప్పులున్నాయి. నిధి లేదు.

"నిధీ!"

పక్కింటి గేటు చూశాను. వీధి చూశాను. ఊక గీత పట్టుకుని, సామాన్ల గదితో సహా గదులన్నీ చూశాను, మంచం కింద కూడా. భావనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎక్కడ ట్రాఫిక్‌లో ఉందో. ఫ్రిజ్ మీద అంటించిన నంబరుకి చేశాను. పెళ్ళి సందడి మధ్యలో ఆంబూ పలికింది. వచ్చీరాని ఇంగ్లీషులో జరిగింది చెప్పాను. అవతల సందడి దూరమైంది. ఆవిడ ఎక్కడికో పక్కకి వెళ్ళి గుసగుసగా అడిగింది.

"దాని ముందు మాట్లాడావా?"

"మాట్లాడాను."

"గుడ్డ విప్పావా?"

"విప్పాను. వెలుగులో కట్టాను. ఇప్పుడు నా పిల్ల ఏదీ?"

ఆ కట్ట తల్లి వరి, వెలుగు చూస్తే దానికి బేబీ కావాలి, బేబీ రైస్, అంది ఆంబూ. పిలక అని నాకర్థమైంది. తల్లి మొక్కని ఆనుకుని మొలిచే పిల్ల మొక్క. కాస్త ఎదిగాక రెండూ పక్కపక్కన ఉంటే ఏది ఏదో రైతుకి కూడా తెలీదు.

"పళ్ళెం తీసుకుని కొట్టు. పేరు పెట్టి పిలువు. వెలుగు పోయేలోపే పిల్ల పలకాలి. తల్లి కాళ్ళ మీద పడు. తప్పయిందను. ఏడువు."

"పళ్ళెం కొడతాను. ఏడవను" అని ఫోన్ పెట్టేశాను.

ఎందుకేడవాలి? ఆకలేసిన పిట్టలకి గింజలు పెట్టడం ఏ దేశంలో తప్పు? అమ్మవారైతే నెత్తిన పెట్టుకుంటాను, నిన్నటిదాకా పెట్టుకున్నాను కూడా. కానీ నా మనవరాలిని ముట్టుకుంటే ఎవరైనా ఒకటే నాకు. భయం లేదని అనను. ఒళ్ళు మండిపోయే కోపం ముందు ఆ భయం ఓ లెక్కలోది కాలేదు.

స్టీలు కంచం, అట్లకాడ తీసుకుని పెరట్లో కొట్టడం మొదలుపెట్టాను. ఖంగు ఖంగుమని వీధంతా మోగింది. చెప్పులు కూడా లేకుండా, చీర దోపుకుని, "నిధీ! ఒసే నిధీ!" అని అరుస్తూ ఇంటి చుట్టూ తిరిగాను. కుక్కని తిప్పుతున్న ముసలాయన ఆగి, "ఆర్ యూ ఓకే మేడమ్?" అన్నాడు. "నాట్ ఓకే!" అని ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన కుక్క మా ఇంటి వైపు చూసి, తోక ముడిచి, ఆయన్నే లాక్కుని పోయింది.

ఆకాశంలో ఎరుపు సన్నబడింది.

అప్పుడు ఇంట్లోంచి చప్పుడు. దంపుడు చప్పుడు. రోకలి పడుతున్నట్టు... ఆగి... మళ్ళీ. నేను కంచం మీద కొట్టిన ప్రతి దెబ్బకీ లోపల ఒక పోటు.

వంటింట్లోకి వెళ్ళాను. సామాన్ల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లైటు వేశాను. వంటింట్లో వెలుగు వచ్చింది. ఆ గది గడప దగ్గరే ఆగిపోయింది. లోపల నలుపు. చెయ్యి చాచితే గోడ తగలాల్సిన గది. చెయ్యి చాచాను. గోడ లేదు. తడిగాలి. దూరంగా కప్పలు.

"ఇదిగో, విను" అన్నాను. ఆ గదిలో మాట్లాడకూడదని తెలిసే అన్నాను. "నువ్వు తల్లివైతే నేను తల్లికి తల్లిని. నీ నాట్లకి నడుం వంచిన దాన్ని నేను. కోతల్లో నా వేళ్ళు తెగాయి, నా నెత్తురు నీకు తెలుసు. ఇన్నేళ్ళ చాకిరీకి నిన్నేమీ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. నా పిల్లని నేను తీసుకుపోతున్నాను."

దంపుడు ఆగింది.

లోపలి నుంచి, చాలా దగ్గర్లో, "అమ్మమ్మా..."

నిధి గొంతు. సందేహం లేదు.

అదే క్షణంలో వెనక, పెరట్లోంచి, "అమ్మమ్మా! అమ్మమ్మా, వేర్ ఆర్ యూ?"

అదీ నిధి గొంతే. సందేహం లేదు.

కిటికీలో వెలుగు ఇంకా కాస్తే మిగిలింది. ఇటు ఒక అడుగు, అటు పది అడుగులు. ఆలోచించుకునే వేళ కాదది. పెరట్లో పిల్ల ఉంటే పెరట్లోనే ఉంటుంది, లోపలున్న పిల్ల ఇప్పుడు రాకపోతే ఎప్పటికీ రాదు. అలా అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

నలుపులోకి భుజం దాకా చెయ్యి పెట్టాను. కాళ్ళ కింద బురద జారింది. ఏదో నా మణికట్టుని తడిమింది, పొడిగా, గరుకుగా, కంకి ముళ్ళలా. విదిలించి కొట్టాను. "తియ్యి చెయ్యి!" అన్నాను పళ్ళు బిగించి. దాని వెనక చిన్న వేళ్ళు తగిలాయి. చల్లగా, తడిగా. పట్టుకుని నా బలం కొద్దీ లాగాను. అటువైపు నుంచి కూడా లాగింది... వదల్లేదు నేను... భుజం కీలు ఊడినంత పనైంది... ఒక్కసారిగా తెగివచ్చింది, కలుపు మొక్క వేళ్ళతో వచ్చినట్టు.

నిధి నా మీద పడింది. వెలుగులో మొహం పట్టుకుని చూశాను. అదే మొహం. చెవి కింద అదే పుట్టుమచ్చ. అవే బట్టలు. కళ్ళు తెరిచి నన్ను చూసి మెడ కావిలించుకుంది.

పెరట్లోంచి ఇంకా, "అమ్మమ్మా? అమ్మమ్మా, ఇట్స్ డార్క్..."

పిల్లని చంకనేసుకుని అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళాను. పెరడు ఖాళీ. ఎవరూ లేరు. గొంతు మాత్రం అద్దానికి అవతల, నా మోకాలి ఎత్తున. నా చంకలో ఉన్నది మొహం నా భుజంలో దాచుకుంది.

గొళ్ళెం పెట్టేశాను.

వీధిలైట్లు వెలిగాయి. గొంతు ఆగిపోయింది.

భావన వచ్చేసరికి పిల్లకి స్నానం చేయించి అన్నం పెడుతున్నాను. ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్తే ఏమంటుంది, డాక్టర్ దగ్గరికి పద అంటుంది. ఆంబూ మర్నాడే వచ్చేసింది. గది తెరిచి చూసి, చాలాసేపటికి బయటికొచ్చింది. కంకుల కట్ట తెల్లగుడ్డలో, పై అరలో, ఎప్పటిలాగే ఉందట. కట్టింది మాత్రం తను కట్టే ముడి కాదట. నిధి వైపు ఓసారి చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"పిలిస్తే ఎంతమంది పలికారు?" అని గుసగుసలాడింది.

"ఒక్కతే" అన్నాను, కళ్ళలోకి చూసి.

"నిజంగా?"

"ఒక్కతే పలికింది. ఒక్కతే ఉంది. ఇంకెవరున్నారు?"

ఆంబూ నా చెయ్యి వదిలేసింది. ఆ నెలలోనే ఇల్లు అమ్మకానికి పెట్టింది.

పిల్ల దొరికిన రాత్రే, కథ చెప్తుంటే నిధి పకపకా నవ్వింది. అంతకు ముందు ఆదివారమే దాని ముందు పన్ను ఊడింది. ఆ పన్ను భావన ఉంగరం డబ్బాలో దాచింది, నేనే చూశాను. ఆ సందులో పన్ను ఉంది. మొలుస్తున్నది కాదు. నిండు పన్ను, పక్క పళ్ళతో సమానంగా, తెల్లగా. దాని నోరు మూసి, పడుకో అమ్మా అని జోకొట్టాను. పొద్దున్న భావన చూసి, "అబ్బ, ఇంత ఫాస్ట్‌గానా!" అంది. "నీకూ అంతే, నీకు గుర్తులేదు" అన్నాను.

నా పిల్ల నా ఒళ్ళో ఉంది. నా చేతి ముద్దే తింటోంది, నన్నే అమ్మమ్మా అంటోంది. దీన్ని ఎవరికీ ఇవ్వను. తల్లి వరి వచ్చి అడిగినా ఇవ్వను.

ఇల్లు మారినా, పొద్దువాలే వేళకి మాత్రం టీవీ సౌండ్ బాగా పెంచేస్తాను. చెవుడొచ్చిందా అమ్మా అని భావన విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఈ ఇంట్లోనూ వెనక తలుపు అద్దం మీద, కింద, చిన్న అరచెయ్యి ఆనినట్టు ఆవిరి పడుతుంది. దాన్ని నేనే తుడిచేస్తాను. తలుపు మాత్రం తియ్యను.